అప్పు గాలం

దర్జీకి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. పగలంతా గాలం వేసి చేపల నోళ్లు చీల్చినవాడు, పొద్దువాలే వేళకు బకెట్లో మిగిలిన ఎరచేపల్ని మళ్లీ నీళ్లలోకి వదిలిపెడితే, పైవాడు అతని రెండు చేతుల్లో దేన్ని చూస్తాడు? పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడినప్పుడు ఆ ప్రశ్న పెదాల దాకా వచ్చేది. అడగడానికి మొహమాటం అడ్డొచ్చేది. ఒకసారి మామగారిని అడిగాడు. "ప్రాణం పోసినంత పుణ్యం అల్లుడూ, కళ్లు మూసుకుని వదిలెయ్" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. ఇంకోసారి ఎరలమ్మే అక్కను అడిగాడు. ఆమె తొట్టిలో చెయ్యి పెట్టి చిరుచేపల్ని జల్లెడలోకి తోడుతూ, "నన్నడుగుతావేంటి తమ్ముడూ! నేను పాపానికీ పుణ్యానికీ రెండిటికీ సరుకు అమ్ముకునేదాన్ని" అని నవ్వేసింది.

ఆ సందేహం ఒక మధ్యాహ్నం గాలాల సంఘం షెడ్డులో, నలుగురి ముందూ, తెల్లటి పింగాణీ పళ్లెంలోకి ఎక్కి కూర్చుంటుందని అతను ఏనాడూ అనుకోలేదు.

కథ అక్కడిదాకా ఎలా వచ్చిందో ఒక్కసారి తలుచుకుందాం. చెరువులో చారలచేప గాలానికి తగలక రెండు వానాకాలాలు దాటాయి. ఊళ్లో గాలం పట్టుకున్న ప్రతివాడూ ఎవరినో ఒకరిని తిట్టుకుంటున్నాడు. మత్స్యశాఖ వాళ్లు వచ్చి, వలలేసి, సీసాల్లో నీళ్లు నింపుకుని, కారణం తేలిందని, అందరూ వచ్చి వినాలని కబురంపారు. సంఘం అధ్యక్షుడు డ్రిల్లు మాస్టారు. బడి ఉద్యోగం వదిలి చాలాకాలమైనా మెడలో విజిల్ వదల్లేదు. ఆయన దర్జీకి స్వయానా భార్య అన్నగారు. కబురు అందిన రోజే ఆయన గట్టు మీద అందర్నీ పోగేసి ఒకే ఒక మాట చెప్పాడు: "షెడ్డులో ఎవరూ విడుపు సంగతి ఎత్తొద్దు."

విడుపంటే ఈ గట్టు మీదవాళ్లకే తెలిసిన మర్యాద. పొద్దువాలగానే మాస్టారు విజిల్ ఊదుతాడు. గాలాలవాళ్లందరూ కర్రలు పక్కన పెట్టి, చెక్కల వంతెన మీద వరసగా నిలబడతారు. ఎవరి బకెట్లో మిగిలిన బతికున్న ఎరచేపల్ని వాళ్లు నీళ్లలోకి ఒంపుతారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. అది చేసిన రాత్రి మాత్రం అందరికీ నిద్ర బాగా పట్టేది. దర్జీ అయితే బకెట్ ఒక పక్కకు మెల్లగా వంచి, ఒక్క చేపకూ దెబ్బ తగలకుండా జారవిడిచి, చిన్న ప్రార్థన చెప్పుకునేవాడు.

ఇప్పుడు అందరూ గట్టు మీద నుంచి సరాసరి షెడ్డుకి వచ్చారు. ఎప్పట్లాగే కర్రలు గోడకు ఆనించారు. ఎప్పట్లాగే బకెట్లు వరండాలో వరసగా పెట్టారు. దర్జీ బకెట్‌కి నీలం కాన్వాసు మూత, అంచుకు బొందు. తనే కుట్టుకున్నాడు. చేపల శాఖ మేడమ్ బురద బూట్లతో ఆ బకెట్ల మధ్య నుంచి కాళ్లు తప్పించుకుంటూ లోపలికి వచ్చింది. ఆమె వెనక ఫైలు చంకలో పెట్టుకుని ఒక బట్టతల అధికారి.

షెడ్డులో పాత పడవల వాసన. గోడకు ఎండబెట్టిన చారలచేప తల ఒకటి, దుమ్ము పట్టి, నోరు తెరుచుకుని ఉంది. కుర్చీలు నిండిపోయాయి. ఎరలమ్మే అక్క వచ్చేసరికి ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. బస్సు కండక్టరు చటుక్కున దాని మీద తన సంచి పెట్టాడు.

"రిజర్వుడక్కా" అన్నాడు.

నలుగురూ నవ్వారు. ఆమె బయటికి వెళ్లి, ఒక ఖాళీ తొట్టి తెచ్చుకుని తలుపు దగ్గర బోర్లించి దాని మీద కూర్చుంది.

మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటూ మొదలుపెట్టింది. "చారలచేప ఎందుకు పోయిందని మీరనుకుంటున్నారు? ముందు మీరు చెప్పండి."

"టికెట్ తీసుకోకుండా ఏ స్టాపులోనో దిగిపోయిందండీ" అన్నాడు కండక్టరు.

"నీటికాకులు మేడమ్. మందలు మందలుగా వస్తున్నాయి."

"నీటికాకులేంటి నా మొహం! వీళ్లు వదిలిన చేపపిల్లలే రోగిష్టివి. లారీ దిగేసరికే వెల్లకిలా తేలాయి. నేను కళ్లారా చూశాను."

"జీతాలు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నాయి వీళ్లకి."

ఆమె అందరి నోళ్లూ అరిగేదాకా ఆగింది. తర్వాత ఒక డబ్బాలోంచి వేలెడంత చేపను తీసి పళ్లెంలో పెట్టింది. వెన్ను మీద ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

"ఇదెవరికైనా తెలుసా?"

తెలియనివాడు ఆ షెడ్డులో లేడు. దాన్ని ముళ్లపిల్ల అంటారు. గాలానికి గుచ్చితే చాలాసేపు బతికుంటుంది, అందుకే అందరికీ ఇష్టం. ఎవరూ నోరు విప్పలేదు.

ఆమె చిన్న కత్తి తీసి దాని పొట్ట కోసింది. అది ఇంకా పూర్తిగా చావలేదు. నోరు తెరుస్తోంది, మూస్తోంది. వేలితో నొక్కితే పొట్టలోంచి ఆవగింజలంత పసుపు గుడ్లు కుప్పగా వచ్చాయి. పళ్లేన్ని కుర్చీల మధ్యనుంచి తిప్పింది, పెళ్లిలో తాంబూలం పంచినట్టు.

"చూడండి. ఇవి దాని గుడ్లు కావు. చారలచేప గుడ్లు. ఒక రాత్రి మేత. మేం వేసిన ప్రతి వలలోనూ ఈ ముళ్లపిల్లలే. మీ చారలచేపను ఎవరూ చంపలేదు, అసలు పుట్టనివ్వడం లేదు."

పళ్లెం దర్జీ ముందుకొచ్చింది. ఆ నోరు ఇంకోసారి తెరుచుకుంది. అతనికి తల తిప్పుకోవాలనిపించింది కానీ తిప్పుకోలేకపోయాడు.

"ఈ చెరువులో ఏ ఏరూ కలవదు, ఏ కాలువా కలవదు. ఈ చేప నడిచి రాదు. బకెట్లో వచ్చింది" అంది మేడమ్. "ఎవరో ఒకరు, ఒకసారి కాదు, ఏళ్ల తరబడి పోశారు."

అతని అరచేతులకు బకెట్ అంచు గుర్తొచ్చింది. ఒక్కదానికీ దెబ్బ తగలకుండా ఎంత మెల్లగా వంచేవాడు! అవి నీళ్లలో పడి తళుక్కుమని మాయమైతే ఎంత తృప్తిగా ఉండేది! అంత భక్తిగా తను లోపలికి పంపింది దీన్నా? మరి వింటున్నవాడు ఒక్కసారైనా వద్దని చెప్పొచ్చు కదా?

బట్టతల అధికారి ఫైలు తెరిచి, ఆవులింత ఆపుకుంటూ చెప్పాడు. చెరువుకు ఎలాగూ మందు కొడతారు. ఒక్క చేప మిగలదు, మంచిదీ మిగలదు, చెడ్డదీ మిగలదు. ఆ తర్వాత సంగతే ఇప్పుడు తేలాలి. ఈ చేపను పోసింది గాలాలవాళ్లే అయితే సంఘం రద్దవుతుంది, షెడ్డు పోతుంది, చెరువులో మళ్లీ చేపలు వదలరు. ఎరల వ్యాపారం చేసేవాళ్లు పోసి ఉంటే వాళ్ల పర్మిట్ రద్దు చేసి, గట్టు మీద నుంచి లేపేస్తారు. చెరువు కడిగాక కొత్త చేపలు వదులుతారు, గాలాలవాళ్లు గాలాలు వేసుకోవచ్చు.

ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. అందరి తలలూ ఒక్కసారే తలుపు దగ్గరికి తిరిగాయి.

అక్క తొట్టి మీద నుంచి లేచింది. "నావైపు చూస్తారేంటి? నేను అమ్ముతాను. వ్యాన్‌లో ఏ చేపొస్తే అది అమ్ముతాను. అమ్మే సరుకు నీళ్లలో పోసుకుంటే నాకేం వస్తుంది? సాయంత్రం విజిల్ ఊది వంతెన మీద నిలబడి పోసేది ఎవరో మీకు తెలీదా?"

"విజిలా?" అన్నాడు మాస్టారు, ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నవాడిలా. "అది టైమైందని ఊదేది మేడమ్. చీకటి పడ్డాక నీళ్లలో ఎవరూ ఉండకూడదు కదా, అందుకని. క్రమశిక్షణ."

"అక్కకి వయసైపోయిందండీ. ఎక్కడ విజిల్ వినబడ్డా బస్సు కదుల్తోందనుకుంటోంది" అన్నాడు కండక్టరు.

"ఆ తొట్ల కంపు తలకెక్కింది పాపం."

"కంపు కాదురా, కూడబెట్టిన డబ్బు."

"గట్టు మీది ఆ గుడిసెలోనా? ఎలకలు కూడా ఇల్లు మారాయి అక్కణ్నుంచి."

ఈ మాటన్నవాడు పొద్దున్నే ఆమె దగ్గర అరువు మీద ఎరలు తీసుకున్నవాడే. ఆమె అతని మొహంలోకి చూసింది. అతను ఇంకా గట్టిగా నవ్వాడు.

మాస్టారు లేచి నిలబడ్డాడు. గొంతులోకి పాత బడి మైదానం వచ్చేసింది. "మేడమ్ ముందే తేల్చేద్దాం. సాయంత్రాలు ఎరచేపల్ని చెరువులో పోసేవాళ్లు చేతులెత్తండి!"

ఆ గొంతుకు ఏళ్ల తరబడి లేచిన చేతులే అవన్నీ. సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. ఒక్క చెయ్యీ లేవలేదు. దర్జీ తన చేతులు రెండూ మోకాళ్ల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"చూశారుగా" అన్నాడు మాస్టారు.

"చేతులు ఎత్తనంత మాత్రాన రిపోర్టు రాయలేం సార్" అన్నాడు బట్టతల అధికారి. "ఆవిడ పోస్తుంటే చూసినవాళ్లు ఒకరైనా చెప్పాలి."

"ఉన్నాడండీ." మాస్టారు చెయ్యి దర్జీ భుజం మీద పడింది. ప్రేమగానే పడింది, కానీ తీయలేదు. "మా చెల్లెలి భర్త. కూర్చునే చోటు సరిగ్గా ఈవిడ గుడిసె పక్కనే. దేవుడికి దండం పెట్టకుండా సూదిలో దారం కూడా ఎక్కించడు. నేను అబద్ధమాడతానేమో గానీ మా బావ ఆడడు. ఏవయ్యా, కాదా?"

"కాదనే మగాడెవడు!" అన్నారు వెనకనుంచి.

అది నిజం. అతను అబద్ధం ఆడడని ఊరంతటికీ తెలుసు. బట్ట ఎంత మిగిలిందో చెప్పి మరీ ముక్కలు తిరిగిచ్చే మనిషి. ఇంతకాలం దాచుకున్న ఆ మంచిపేరును ఇవాళ మాస్టారు తన సొమ్ములాగా తీసి ఖర్చు పెడుతున్నాడు. నిన్న భోజనాల దగ్గర చెల్లెలితో ఆయన అన్న మాట దర్జీకి గుర్తొచ్చింది. "షెడ్డు పోతే నేను తలెత్తుకు తిరగలేనమ్మా." ఆమె కంచం వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది.

అతను తలుపు వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. అక్క మొహంలో భయం పోయి నెమ్మది వచ్చింది. పిలిచింది ఇతన్నే కదా, ఇంక పర్వాలేదన్నట్టు మళ్లీ తొట్టి మీద కూర్చుంది.

"ఆమె తొట్లు చెరువులో కడగడం మీరు చూశారా?" అడిగింది మేడమ్.

"చూశానండి" అన్నాడు దర్జీ.

అది నిజమే. ఒడ్డున కూర్చుని వట్టి తొట్లు కొబ్బరిపీచుతో తోముకునేది. ఇంతవరకు ఒక్క అక్షరం తప్పు చెప్పలేదని అతను మనసులోనే ఎవరికో అప్పజెప్పుకున్నాడు.

"కడిగేటప్పుడు తొట్టిలో చేపలుండేవా?"

ఫ్యాను తిరుగుతోంది. భుజం మీద చెయ్యి బరువు పెరగలేదు, తగ్గలేదు. పళ్లెంలో చేప నోరు తెరిచింది, ఈసారి మూయలేదు.

"ఉండే ఉంటాయండి."

ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. బట్టతల అధికారి రాసుకున్నాడు. "వారం లోపల గుడిసె తీసెయ్యాలమ్మా. లేకపోతే మేమే తీయించాల్సి వస్తుంది, అప్పుడు సామానుకు మా పూచీ ఉండదు" అన్నాడు తల ఎత్తకుండానే.

"స్టాపొచ్చింది, దిగాలి దిగాలి!" కండక్టరు కుర్చీ రేకు మీద చప్పున చరిచాడు. షెడ్డంతా పగలబడి నవ్వింది. భయం తీరిన నవ్వు అది. అందరికంటే ముందు నవ్వింది పొద్దున అరువు తీసుకున్నవాడే.

గుడిసె వెనక గదిలోనే ఆమె కాపురం. వేరే ఇల్లు లేదు, నా అన్నవాళ్లు లేరు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. వచ్చిన అధికారులిద్దరికే తెలీదు, ఎవరూ చెప్పలేదు.

అక్క లేచి వచ్చింది. తోవలో కాళ్లు చాపుకున్నవాళ్లు కాళ్లు తీయలేదు, ఆమే దాటుకుంటూ వచ్చింది. దర్జీ ముందు నిలబడి అరచెయ్యి చాపింది. తొట్ల నీళ్లకు పాలిపోయి, చర్మం ముడతలు పడిన చెయ్యి.

"నా గాలం ఇచ్చెయ్ తమ్ముడూ."

కొందరికి అర్థం కాలేదు. పాతవాళ్లకు అర్థమైంది. అతను కొత్తగా గట్టు మీదికి వచ్చినప్పుడు, ఉన్న ఒక్క గాలం నాచులో తెగిపోతే, ఆమె తన కొంగున గుచ్చుకున్న గాలం తీసి అరువిచ్చింది. అరువు గాలాన్ని వట్టిదిగా తిరిగి ఇవ్వరు, దాంతో పట్టిన చేపతో కలిపి ఇస్తారు. అది కూడా ఆ గట్టు మర్యాదే. మొదటి చారలచేప పడిన రోజు ఇంటికి చుట్టాలొచ్చారు. రెండోది అత్తగారు అడిగింది. తర్వాత ఎప్పుడో ఇద్దామనుకున్నాడు. ఆ తర్వాత చారలచేపే లేకుండా పోయింది. గాలం మాత్రం సూదులతో పాటు చొక్కా కాలరు కింద గుచ్చుకుని తిరిగేవాడు. "నా గాలం నీ మెడ దగ్గరే ముసలిదైపోతోంది తమ్ముడూ" అని ఆమె ఎప్పుడూ ఆటపట్టించేది. ఇప్పుడు ఆ నవ్వు లేదు.

అతను కాలరు మడత విప్పాడు. కొస బొటనవేలికి గుచ్చుకుంది. గాలం ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"వట్టి గాలం ఇస్తావా?"

"అక్కా..." అన్నాడు.

"ఇప్పుడీ పంచాయతీ ఏంటమ్మా?" మాస్టారు అడ్డొచ్చాడు. "మేడమ్‌గారికి లేటవుతోంది. మీ గాలాల లెక్కలు బయట చూసుకోండి."

"బయటే ఉంది నా చేప. తెచ్చుకుంటా" అంది ఆమె.

వరండాలోకి వెళ్లింది. బకెట్ల వరస మీదుగా నడుస్తున్న ఆమె అడుగుల చప్పుడు లోపలికి వినబడింది. ఒక చోట ఆగింది. తిరిగి వచ్చేసరికి చేతిలో నీలం కాన్వాసు మూత ఉన్న బకెట్. దాన్ని తెచ్చి పింగాణీ పళ్లెం పక్కన, మేడమ్ బూట్ల దగ్గర పెట్టింది. దర్జీ కుట్టిన బొందు తనే విప్పింది. నీళ్లు కదిలాయి. పొద్దున ఆమె దగ్గర కొన్న ఎరల్లో మిగిలినవి, పైన గాలి కోసం మూతులు పెట్టి, వేలెడంత వెన్నుల మీద ముళ్లు నిక్కబొడుచుకుని తిరుగుతున్నాయి.

ఇంత జాగ్రత్తగా సంగతి దాచిపెట్టినవాళ్లు, ఆ బకెట్లన్నీ గుమ్మం ముందే వరసగా పెట్టి లోపలికొచ్చారు. రోజూ పెట్టే చోటే కదా అని పెట్టారు.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని బకెట్ మీదికి వంగింది. ఆ తర్వాత తలెత్తి, తెరిచిన తలుపులోంచి వరండా వైపు చూసింది. ఆమె లోపలికొచ్చేటప్పుడు కాళ్లు తప్పించుకున్న బకెట్లు. వాటి అవతల చెక్కల వంతెన. దాని మీద ఎండ పసుపు తిరిగింది. రోజూ విజిల్ మోగే వేళ అదే. మాస్టారు చెయ్యి అలవాటు కొద్దీ మెడలోకి వెళ్లి, సగంలో ఆగింది.

"వీటిని సాయంత్రం ఏం చేస్తారు?" అంది మేడమ్ దర్జీ వైపు తిరిగి, చాలా మెల్లగా.

అతని భుజం మీది చెయ్యి అప్పుడు బరువెక్కింది.

అక్క ఆ జవాబు కోసం ఆగలేదు. బకెట్లో చెయ్యి ముంచి ఒక ముళ్లపిల్లను పట్టుకుంది. అది గిలగిలా కొట్టుకుని ముళ్లు గుచ్చింది. చేపనూ గాలాన్నీ ఒకే గుప్పిట్లో బిగించింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లతో పాటు ఎర్రగా కారింది.

"చేపతో సహా ముట్టింది తమ్ముడూ. ఇంక నువ్వు నాకేం బాకీ లేవు."